మయసభ నుంచి స్నానాలగది దాకా

మన భాషలో గాజు అంటే ముందు చేతులకి వేసుకునేదే. వస్తువుకీ, దానితో చేసిన నగకీ ఒకటే మాట. ఆ గాజు ఇప్పుడు చేతి మీద నుంచి దిగి, తలుపై, గోడై, స్నానాలగదిలో తెరై నిలబడింది. గాజు పగిలిందని పెద్దవాళ్లు అననిచ్చేవారు కాదు, చిట్లిందనమనేవారు. కానీ తలుపంత గాజు చిట్లితే ఏమనాలో పాపం వాళ్లకీ తెలీదు.

కనిపించని తలుపుకి కొట్టుకుని దెబ్బ తిన్న మొదటి మనిషి ఎవరంటారు? మన కథల్లో దుర్యోధనుడే! మయసభలో మూసి ఉన్న స్ఫటికపు తలుపుని తెరిచి ఉందనుకుని నడిచి, నుదురు బద్దలు కొట్టుకున్నాడు. పదకొండో శతాబ్దంలో నన్నయగారు ఆ సభాపర్వాన్ని తెనిగించింది రాజమహేంద్రవరంలో. భద్రాచలంలో రాములవారి పాదాల దగ్గర పారిన గోదావరే ఆ ఊరినీ ఒరుసుకుని వెడుతుంది. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో రామారావుగారి మయసభ ఘట్టం చూడనివాళ్లు ఉండరు. నీళ్లలో పడ్డదీ, ద్రౌపది నవ్విందీ అందరికీ గుర్తే. నుదుటి దెబ్బ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా అడవిదారి పట్టాక, కోయగూడేల్లో వెదురు తడికే తలుపు. అది మీద పడ్డా బొప్పి కూడా కట్టదు. 1965లో గోదావరి మీద వంతెన వచ్చి, బస్సులు నేరుగా భద్రాచలంలోకి వెళ్లడం మొదలైంది. ఆ తరవాత సత్రాలు లాడ్జీలయ్యాయి. ఈమధ్య వాటిల్లో స్నానాలగదికి గాజు తెరలూ వచ్చాయి.

అలాంటి ఒక లాడ్జీలో ఆ మధ్య దిగాం. పేరెందుకు లెండి. అంతకు ముందు వారమే ఒక గదిలో గాజు తెర అర్ధరాత్రి బాంబులా పేలిందట. గదిలో ఎవరూ లేరు. అయినా సాయంత్రం ఆ గది తుడిచి వెళ్లిన కోయపిల్ల జీతంలోంచి డబ్బు కోశారు. "నేను గట్టిగా తుయ్యలేదమ్మా, దానంతటదే పగిలింది" అంటుంది ఆ పిల్ల. "గాజు దానంతటదే పగుల్తుందా?" అంటాడు మేనేజరు. మనమైనా అదే అంటాం. పగిలిన గ్లాసుకి కోడలో, పనిపిల్లో జవాబు చెప్పుకోని ఇల్లేది?

కానీ ఆ పిల్ల అన్నమాట నిజమయ్యే వీలుంది. ఇంగ్లండులో 1660 ప్రాంతంలో రాజు రెండో ఛార్లెస్‌కి, దగ్గరి చుట్టమైన రూపర్ట్ యువరాజు ఒక వింత గాజు తెచ్చి చూపించాడు. కరిగిన గాజు బొట్టుని చన్నీళ్లలో వేస్తే తోకచేపలా గడ్డకడుతుంది. తల మీద సుత్తితో కొట్టినా పగలదు. తోక చివర చిదిపితే మాత్రం మొత్తం పొడైపోతుంది. పైపొర ముందు బిగుసుకుంటుంది. లోపలిది తరవాత చల్లారుతూ, ముడుచుకుంటూ పైపొరని లోపలికి లాగుతుంది. ఆ లాగుడే దాని బలం, దాని ప్రాణగండం కూడా. పైకి నవ్వుతూ లోపల్లోపల బిగబట్టుకునే మనిషిలాగన్నమాట.

ఈ కిటుకునే పట్టుకుని, 1874లో ఫ్రాన్సులో ద లా బాస్తీ అనే ఆయన వేడి గాజుని వేడి నూనెలో ముంచి గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడైతే గాజు పలకని ఆరువందల డిగ్రీలు దాటేలా కాచి, చల్లటి గాలి కొడతారు. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి పెంకులొస్తాయి. మణికట్టు దగ్గరో, తొడ దగ్గరో నరం తెగితే ప్రాణం మీదికే వస్తుంది. గట్టిపరిచిన గాజైతే పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. గీసుకుంటుంది గానీ, సాధారణంగా కోసెయ్యదు.

మరి దానంతటది పగలడమేమిటి? మెల్బోర్న్‌లో 1958లో కట్టిన ఐసీఐ హౌస్ అనే మేడకి గోడంతా గాజే. ఆ పలకలు ఎవరూ ముట్టుకోకుండానే పగిలి పడసాగాయి. ముక్కలు ఏరి పరిశీలించిన బాలంటైన్ అనే శాస్త్రజ్ఞుడు 1961లో దోషిని పట్టుకున్నాడు. గాజు కరిగేటప్పుడు అందులో పడ్డ నికెల్ సల్ఫైడ్ నలుసు అది. కంటికి ఆననంత చిన్నది. నెలలకో, ఏళ్లకో ఆ నలుసు కాస్త ఉబ్బుతుంది. బిగబట్టుకున్న గాజుకి ఆపాటి చాలు. అలా పగిలినచోట రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలక రెక్కల్లా కలిసి ఉంటాయి. రెక్కల మధ్య నలుసుంటుంది. ఇదొక్కటే కాదు, అంచు చెక్కుకుపోయినా, రబ్బరు వెయ్యకుండా ఇనుప మరలు బిగించినా ఎప్పుడో ఒకనాడు ఇంతే.

చిత్రమేమంటే, 'దానవీరశూరకర్ణ' వచ్చిన ఆ 1977 జనవరిలోనే అమెరికా ప్రభుత్వం తలుపులకీ, స్నానాలగది తెరలకీ వాడే గాజుకి కట్టడి ప్రకటించింది. నూరు పౌన్లు, అంటే నలభై అయిదు కిలోల సంచిని ఊపి కొట్టినా పగలకూడదు. పగిలితే మనిషిని కోసేలా పగలకూడదు. అంటే పరుగెత్తుకొచ్చిన పదమూడేళ్ల పిల్ల బరువని లెక్క వేసుకోండి. మనకీ ఐఎస్ 2553 అనే ప్రమాణం ఉంది.

అందుకని ఇంటికి గాజు తలుపు పెట్టించేటప్పుడు రంగూ, మెరుపూ చూసి మురిసిపోకండి. మూలన చెరగని ముద్ర ఉందా అని చూడండి. ఫ్యాక్టరీలోనే గంటలకొద్దీ వేడిలో ఉంచి, నలుసున్న పలకల్ని అక్కడే పగలనిచ్చే పరీక్ష ఒకటుంది, అది చేశారా అని అడగండి. మయసభ కాకుండా, పిల్లల కంటికి ఆనే ఎత్తున ఒక రంగుపట్టీ అంటించండి. దెబ్బ తగిలితే గుచ్చుకున్న పెంకుని పీకకండి. చుట్టూ గుడ్డతో అదిమిపట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక గాజు దానంతటదే పగిలిందని పనిపిల్ల అంటే, జీతం కోసేముందు చెప్పులు తొడుక్కుని, ముక్కల్లో సీతాకోకచిలక రెక్కలేమైనా కనిపిస్తాయేమో ఒకసారి వెతకండి.