ఎలకపిల్ల కళ్ళు తెరిచిన కథ

మా మేనత్త కాన్సరుతో మంచం పట్టినప్పుడు, "దీన్ని ఇంతలా పెరగమని ఎవరు చెప్పారే?" అని నన్నడిగేది. బి.ఏ. చదివినదాన్ని, నేనేం చెప్పను? చాలా ఏళ్ళకి ఎలకపిల్లల కథ ఒకటి చదివాను.

అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఎలక లాలాజల గ్రంథుల రసాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకి ఎక్కించాడు. రెండో వారానికి గాని తెరవని కళ్ళు ఏడో రోజుకే తెరిచాయి! చర్మాన్ని పెరగమనే చిన్న ప్రోటీను అందులో ఉందని 1962లో తేల్చాడు. 1986లో నోబెల్ బహుమతీ వచ్చిందనుకోండి.

సరే, పెరగమన్నారు. మరి చాలు అనేదెవరు? మా ఇంట్లో పంపు తిప్పేవాళ్ళేగాని కట్టేవాళ్ళుండరు, అందుకని నాకీ సందేహం.

1976లో కోహెన్, గ్రాహం కార్పెంటర్ ఆ ప్రోటీనుకి రేడియోధార్మిక అయొడిన్‌ని తగిలించి మనిషి చర్మకణాల మీద వదిలారు. కణం దాన్ని పట్టుకుంది, మింగింది, తన అరుగుదల సంచుల్లో ముక్కలు చేసి బయటికి తోసేసింది. పట్టుకున్న గ్రాహకాలూ పైన తగ్గిపోయాయి. కబురు తెచ్చినవాడితోపాటు తలుపు తీసినవాడూ మాయమన్నమాట!

ఆ గ్రాహకానికి "అరిగించు" అని చీటీ అంటించేది సీబీఎల్ అనే మరో ప్రోటీను. 1998లో ఇజ్రాయెల్‌లో యోసెఫ్ యార్డెన్ బృందం చూపించింది. ఎలకలకి కాన్సరు తెచ్చే ఒక వైరసు దగ్గర దీని తెగిన ముక్క ఉంటుంది. అది అడ్డుపడితే గ్రాహకాలు అరగవు, మళ్ళీ పైకొచ్చి నిలబడతాయి.

అన్ని కాన్సర్లకీ ఇదే కారణం కాదు. అయినా అత్తయ్య ఉంటే ఈ వైరసు సంగతి చెప్పేదాన్ని.