ఎర్రచందనపు రాజూ రాణీ

చంద్రగిరి అనగానే కోట గుర్తొస్తుంది. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకూ, అటుపైన చంద్రగిరికీ రాజధాని మార్చుకున్నారు. ఆ రాజులు పోయారు, రాజమహలు మ్యూజియమయింది. ఇంకో రాజూ రాణీ మాత్రం మన ఇళ్ళలోనే ఉండిపోయారు. అదేనండీ, దసరా కొలువులో పైమెట్టు మీద నిలబెట్టే మరపాచి జంట!

శేషాచలం కొండల ఎర్రచందనంతో తిరుపతిలో చెక్కిన బొమ్మలవి. ఆడపిల్లకు పెళ్ళిలో జంటగా ఇచ్చి పంపేవారు. ఆ కొయ్యకు చీర కుట్టి, పూసలు గుచ్చి, కళ తెచ్చింది ఇంటి ఆడవాళ్ళే. తిరుమల గుడిలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి రాగి విగ్రహాలున్నాయి, పేర్లతో సహా. మరి మన బొమ్మలు చెక్కినవారికీ, అలంకరించినవారికీ శాసనం ఎవరు వేయిస్తారు?

ఎర్రచందనం నరికివేత మితిమీరింది. 1995లో ఆ చెట్టు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలోకెక్కింది. కొయ్య అంత సులువుగా దొరకదు. కనుక అటక మీద అమ్మమ్మ పెట్టెలో పాత జంట కనిపిస్తే పారెయ్యకండి. ఎవరిచ్చారో, ఎవరి పెళ్ళికిచ్చారో పెద్దవాళ్ళను ఇప్పుడే అడిగి, కాగితం మీద రాసి బొమ్మలతోపాటే ఉంచండి. మనవరాళ్ళకు పనికొస్తుంది.