కెనడాలో విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు లైసెన్సు

2001 ఆగస్టు 24న టొరాంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ 236 విమానంలో ఇంధనం అట్లాంటిక్ మీద కారిపోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయాక విమానం సుమారు 19 నిమిషాలు గాలిలో జారుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. లోపలున్న 306 మందీ బతికి బయటపడ్డారు. కొద్ది రోజుల ముందు ఇంజన్ మార్చినప్పుడు సరిపోలని హైడ్రాలిక్ భాగం బిగించారనీ, దాని రాపిడికి ఇంధన గొట్టం పగిలిందనీ దర్యాప్తులో తేలింది. హ్యాంగర్‌లో పెట్టే ఒక్క సంతకం విలువ ఎంతో ఈ సంఘటన చెబుతుంది. ఆ సంతకం పెట్టే అర్హత ఇచ్చేదే ఎ.ఎం.ఇ. లైసెన్సు.

ఇది ఇంజనీరింగ్ డిగ్రీ కాదు

మనవాళ్ళలో చాలామంది ఏరోనాటికల్ బి.టెక్. ఉంటే ఈ ఉద్యోగానికి చాలనుకుంటారు. డిగ్రీ వేరు, లైసెన్సు వేరు. రాష్ట్రాల ఇంజనీర్ల సంఘాలు ఇచ్చే పి.ఇంజ్. హోదాకూ దీనికీ సంబంధం లేదు. ఈ లైసెన్సు ఇచ్చేది సమాఖ్య ప్రభుత్వ శాఖ అయిన ట్రాన్స్‌పోర్ట్ కెనడా.

నాలుగు రేటింగులు

ఎం1: చిన్న విమానాలు, హెలికాప్టర్లు. ఎం2: పెద్ద రవాణా విమానాలు, జెట్‌లు. ఇ: ఏవియానిక్స్, అంటే రేడియో, విద్యుత్, పరికరాల వ్యవస్థలు. ఎస్: విమాన నిర్మాణం, రేకు పని, కాంపోజిట్ మరమ్మతులు. ఎలక్ట్రానిక్స్ నేపథ్యం ఉన్నవారికి ఇ రేటింగు దగ్గర దారి.

చదువు, అనుభవం, పరీక్ష

ఎం రేటింగులకు మొత్తం 48 నెలలు, ఇ, ఎస్ రేటింగులకు 36 నెలల అనుభవం కావాలి. ఆమోదం పొందిన కాలేజీలో చదివితే ఆ శిక్షణలో కొంత భాగాన్ని అనుభవం కింద లెక్కిస్తారు. అలా పాసైనవారు చివర్లో నిబంధనల పరీక్ష రాస్తే సరిపోతుంది. మిగతావారు సాంకేతిక పరీక్షలు కూడా రాయాలి. పాస్ మార్కు 70 శాతం. చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్కులో రాసుకుని, బాధ్యులచేత ఎప్పటికప్పుడు సంతకం చేయించుకోవాలి. నాలుగేళ్ళ తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామంటే కుదరదు.

ఆమోదిత శిక్షణకు పేరున్న సంస్థల్లో వాంకూవర్ విమానాశ్రయం పక్కన రిచ్‌మండ్‌లోని బి.సి.ఐ.టి., కాల్గరీలోని సైట్, టొరాంటోలోని సెంటెనియల్, నార్త్ బేలోని కెనడోర్ ఉన్నాయి. క్యుబెక్‌లోని సెయింట్ హ్యూబర్ట్‌లో ఉన్న జాతీయ ఏరోటెక్నిక్ పాఠశాలలో బోధన ప్రధానంగా ఫ్రెంచిలో సాగుతుంది.

లైసెన్సు చేతికొచ్చాక కూడా పెద్ద విమానాలకు నేరుగా సంతకం పెట్టలేరు. ఆయా మోడల్ మీద ఆమోదిత టైప్ కోర్సు పూర్తి చేయాలి, పనిచేసే సంస్థ అధికారం ఇవ్వాలి. లైసెన్సు ఉపయోగంలో ఉండాలంటే గత 24 నెలల్లో కనీసం 6 నెలలు ఈ పనిలో ఉండాలి. లేదా నిబంధనల పరీక్ష మళ్ళీ పాసవ్వాలి.

భారత్ నుంచి వచ్చేవారికి

డి.జి.సి.ఎ. ఇచ్చిన బి1, బి2 లైసెన్సులను చూపించినంత మాత్రాన కెనడా లైసెన్సు చేతికివ్వరు. అయితే అక్కడి అనుభవం వృథా కాదు; పత్రాలు సరిగా ఉంటే పరిశీలిస్తారు. కాబట్టి శంషాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉద్యోగం వదిలే ముందే లాగ్‌బుక్కులు, శిక్షణ పత్రాలు, సంస్థ లెటర్‌హెడ్ మీద అనుభవ ధ్రువపత్రాలు తెచ్చుకోండి. కంపెనీ మూతపడ్డాక వాటిని సంపాదించడం కష్టం.

విద్యార్థిగా వచ్చేవారు మరో సంగతి గమనించాలి. 2024 నవంబరు 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకున్నవారిలో చాలా కాలేజీ కోర్సుల విద్యార్థులకు, చదువయ్యాక వర్క్ పర్మిట్ రావడం కోర్సు రంగం మీద ఆధారపడుతుంది. ఫీజు కట్టకముందే రెండు ప్రశ్నలు అడగండి: ఈ కోర్సుకు ట్రాన్స్‌పోర్ట్ కెనడా ఆమోదం ఉందా? వర్క్ పర్మిట్ అర్హత జాబితాలో ఉందా? రెంటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు.