గుండె కుదుటపడ్డాక బిడ్డ ఎదుగుదల: నంద్యాల, ఆళ్లగడ్డ నేపథ్యంలో ఒక పరిశీలన

పుట్టుకతో గుండె జబ్బున్న పసికందుకు పెద్ద ఆపరేషన్ అంటే నంద్యాల, ఆళ్లగడ్డ కుటుంబాలు ఊరు దాటాల్సిందే. 40వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని అటు కర్నూలుకో, ఇటు కడప మీదుగా తిరుపతికో బయలుదేరాలి. పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రి 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఖర్చుకు అండగా నిలిచింది. 2021 అక్టోబరులో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరుచుకుంది. బిడ్డ బతుకుతుందా అన్న ప్రశ్నకు ఇప్పుడు ధైర్యంగా జవాబు చెప్పగలుగుతున్నాం. బతికిన బిడ్డ ఎలా ఎదుగుతోంది అన్నది మాత్రం ఇంకా ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు ఎనిమిది, తొమ్మిది మందికి గుండె నిర్మాణంలో లోపం ఉంటుంది. వీరిలో దాదాపు నాలుగో వంతు మందికి తొలి ఏడాదిలోనే ఆపరేషన్ లాంటి చికిత్స తప్పదు. ఈ పిల్లల ఎదుగుదలపై మనకున్న అవగాహనలో చాలా భాగం అమెరికాలోని బోస్టన్ పరిశోధన పెట్టిన భిక్షే. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారై పుట్టిన 171 మంది శిశువులను 1988, 1992 మధ్య ఆ పరిశోధనలో చేర్చుకున్నారు. ఆపరేషన్ వేళ రక్తప్రసరణను పూర్తిగా ఆపడం మేలా, కొద్దిగా సాగనివ్వడం మేలా అన్నది వారు తేల్చుకోవాలనుకున్న సంగతి. ఎనిమిదేళ్లు వచ్చేసరికి రెండు గుంపుల మధ్య తేడా పెద్దగా లేదు. సగటు తెలివితేటలు కూడా మామూలు స్థాయికి దగ్గరగానే ఉన్నాయి. కానీ చేతివేళ్ల పనితనంలో, ఏకాగ్రతలో, చూసినదాన్ని మనసులో పేర్చుకోవడంలో ఇరు గుంపుల పిల్లలూ వెనుకబడ్డారు. మూడో వంతుకు పైగా పిల్లలకు బడిలో ప్రత్యేక సాయం అవసరమైంది.

మత్తుమందు వల్లే ఇలా అయిందని తల్లిదండ్రులకు అనిపించడం సహజం. అయితే ఇలాంటి తీవ్ర లోపాలున్న నవజాత శిశువుల్లో ఆపరేషన్‌కు ముందే ఎమ్మారై తీసి చూస్తే, వారి మెదడు పరిణతి నెల రోజుల మేర వెనుకబడి కనిపించింది. గర్భంలోనే మెదడుకు ఆక్సిజన్ సరిగా అందకపోవడం ఇందుకు ముఖ్య కారణమని భావిస్తున్నారు. అంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్న తల్లి తప్పేమీ లేదు. ఈ మాట ఆమెకు ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పి తీరాలి.

ఇంటికొచ్చాక భయం మరో రూపంలో వెంటాడుతుంది. రొమ్ము ఎముక అతుక్కునే ఆరేడు వారాలు బిడ్డను చంకల కింద పట్టుకుని లేపకూడదు. ఒక చేయి తల, మెడ కింద, రెండోది పిరుదుల కింద పెట్టి ఎత్తుకోవాలి. ఈ జాగ్రత్త ఆ గడువుతో ఆగితే మేలే. కానీ చాలా ఇళ్లలో అది ఏళ్ల తరబడి సాగుతుంది. బోర్లా వేయరు, ఏడిస్తే గుండెకు చేటని కింద దించరు, పరుగెత్తనివ్వరు. డాక్టరు సరేనన్నాక కూడా నేల మీద దొర్లనివ్వకపోతే మెడ నిలపడం, దోగాడడం, తప్పటడుగులు అన్నీ ఆలస్యమవుతాయి.

ఆలస్యాన్ని పసిగట్టడానికి పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు. తిరువనంతపురంలో రూపొందిన ఎదుగుదల చార్టులో రెండేళ్ల లోపు పిల్లలకు 17 అంశాలుంటాయి. బిడ్డ వయసు దగ్గర స్కేలు నిలువుగా పెట్టి చూస్తే, దానికి ఎడమవైపున్న పనులన్నీ బిడ్డకు వచ్చి ఉండాలి. పెన్ను కదిపితే చూపు తిప్పడం, పట్టుకుని నిలబడడం, బొమ్మలో అవయవాలు చూపించడం లాంటివి అవి. ఆళ్లగడ్డ అంగన్వాడీలో కొద్ది నిమిషాల్లో తేలే పని ఇది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించాల్సిన వాటిలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బూ ఉంది, ఎదుగుదల ఆలస్యమూ ఉంది. అంగన్వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, బడుల్లో ఒకసారి పిల్లల్ని చూడాలన్నది దాని నియమం. ఆపరేషన్ అయిందని గుండె గడి నింపి, రెండో గడిని ఖాళీగా వదిలేయకూడదు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడింది, 2023లో వైద్య కళాశాల వచ్చింది. ఇక ఈ బాధ్యతను జిల్లాలోనే మోయవచ్చు.

నా దృష్టిలో ముందుగా కావలసింది ఒక్క కాగితం. డిశ్చార్జి రోజే ఆపరేషన్ పేరు, ఐసీయూలో గడిపిన రోజులు, ఫిట్స్ వచ్చాయా లేదా, వినికిడి పరీక్ష జరిగిందా అన్న వివరాలు తెలుగులో రాసి, ఒక ప్రతి తల్లికీ ఇంకోటి ఊరి ఏఎన్‌ఎంకూ అందించాలి. కొన్ని యాంటీబయాటిక్స్, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు వినికిడిని దెబ్బతీసే వీలుంది కాబట్టి ఆ చివరి వివరం మరీ ముఖ్యం. తొమ్మిది, పద్దెనిమిది, ముప్పై నెలల్లో, మళ్లీ బడిలో చేర్చేముందు ఎదుగుదల పరీక్ష చేయించాల్సిన తేదీలు కూడా అదే కాగితం మీద ఉండాలి.