ప్రవాసుల పత్రిక: బ్యూనస్ ఎయిర్స్ హెరాల్డు

అన్యదేశమున స్థిరపడినవారు తమ భాషలో నడుపుకొను పత్రికలను చరిత్రకారులు సాధారణముగ అల్పవస్తువులుగ నెంతురు. ఓడల రాకపోకలు, సరకుల ధరలు, క్లబ్బుల విందులు, వివాహ మరణ వార్తలు మున్నగునవియే వానియందు ప్రధాన విషయములు. అట్టి పత్రికయే ఒక దేశపు దుర్దశలో విలువైన చారిత్రకాధారముగ పరిణమించిన తీరు ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున అర్జెంటీనాలో రైలుమార్గములు, బ్యాంకులు, మాంసపు ఎగుమతి చాలవరకు బ్రిటిషు మూలధనముతో పెంపొందెను. తత్ఫలితముగ రాజధానియగు బ్యూనస్ ఎయిర్స్ నగరమున ఆంగ్లభాషీయుల సమాజమొకటి ఏర్పడెను. వారికై ‘స్టాండర్డు’ అను పత్రిక 1861 నుండి వెలువడుచుండెను. 1876లో విలియం కాత్‌కార్ట్ అను స్కాట్లండు దేశీయుడు ‘హెరాల్డు’ను స్థాపించెను. మొదట నది యొకే కాగితము. ఒకవైపున ప్రకటనలు, రెండవవైపున ఓడల వార్తలు. కాలక్రమమున నది దినపత్రికయై, 1959లో స్టాండర్డు నిలిచిపోయిన పిమ్మటను కొనసాగెను. 1968లో రాబర్ట్ కాక్స్ అను ఆంగ్లేయుడు దానికి సంపాదకుడయ్యెను.

1976 మార్చి 24వ తేదీన సైన్యము ప్రభుత్వమును కైవసము చేసికొనెను. హింసాకాండతో విసిగిన అనేకులవలె హెరాల్డు సైత మారంభమున దీనిని వ్యతిరేకింపలేదు. కాని త్వరలోనే మనుష్యులు ఇండ్లనుండి, వీధులనుండి అపహరింపబడి, జాడ తెలియకుండ పోజొచ్చిరి. వీరికే ‘అదృశ్యులు’ అను పేరు స్థిరపడినది. ప్రభుత్వము ఇట్టి వార్తలను నిషేధింపగా, స్పానిషు భాషలోని పెద్ద పత్రికలు చాలవరకు మౌనము వహించెను. హెరాల్డు మాత్రము అదృశ్యుల పేర్లను ప్రకటించెను. ఆంగ్లమెరుగని తల్లులు సైతము తమ బిడ్డల పేర్లతో ఆ కార్యాలయమునకు రాసాగిరి.

ఈ ధైర్యమునకు కారణమేమి? ఆంగ్లపత్రిక యగుటచే పాఠకులు కొలదిమంది. కావున ప్రభుత్వ ముపేక్షించినదని కొందరందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని ఆ పత్రిక సంపాదకీయములు స్పానిషులో కూడ ముద్రింపబడుచుండెను. కావున భాష పూర్తిగ మరుగు కాజాలదు. అంతకన్న గమనింపదగినది పత్రిక అవలంబించిన పద్ధతి. బంధువులు ముందుగ న్యాయస్థానమున హెబియస్ కార్పస్ అర్జీ దాఖలు చేయవలెనని కాక్స్ కోరెడివాడు. అర్జీ దాఖలైన వెంటనే అది న్యాయస్థానపు వార్త యగును. దానిని ప్రకటించుటకు ఆధార మేర్పడును. వదంతిని లిఖితసాక్ష్యముగ మార్చిన ఉపాయమిది.

పరదేశీయత సంపూర్ణ రక్షణ కాలేదు. ఆ పత్రికలో పనిచేయుచుండిన ఆండ్రూ గ్రాహమ్ యూల్ 1976లోనే దేశము విడువవలసివచ్చెను. 1977లో కాక్స్ నిర్బంధింపబడెను. కుటుంబమునకు బెదిరింపులు రాగా 1979 డిసెంబరులో దేశమును వీడెను.

సైనికపాలన 1983లో అంతరించెను. విచారణసంఘము 1984లో 8,961 అదృశ్యుల వివరములను నమోదు చేసెను. మానవహక్కుల సంఘములు ఈ సంఖ్య 30,000 అని చెప్పుచున్నవి. 1985లో సేనానాయకులపై జరిగిన విచారణలో కాక్స్ సాక్ష్యమిచ్చెను. తరువాత సంకలనము చేయబడిన నివేదికలకును, నాటి హెరాల్డునకును భేదమొకటి కలదు. నివేదికలు జరిగినదానిని వెనుదిరిగి చూచినవి. హెరాల్డు జరుగుచుండగనే వ్రాసినది. ఆ దినములలో ఏమియు తెలియదనుట సాధ్యము కాదని దాని పుటలే నిరూపించుచున్నవి.

ముద్రితపత్రికగ హెరాల్డు 2017లో నిలిచిపోయెను. ఓడల వార్తలతో మొదలైన కాగితము మనుష్యుల జాడల చిట్టాగ మారిన ఈ చరిత్ర పరిశోధకుల కొక విషయమును సూచించుచున్నది. పత్రిక విలువను పాఠకుల సంఖ్యనుబట్టి మాత్రమే నిర్ణయింపరాదు. ఇతరులు వ్రాయని దినమున అది యేమి వ్రాసినదో, ఏ యాధారముతో వ్రాసినదో పరిశీలింపవలెను.