పాత బాకీ

రెండేళ్ళ కిందట ఏరువాక ముందు నాన్న ఫోన్ చేసి, "ఆ కార్డు కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు, ఏం చేద్దాం?" అన్నారు. వంశధార పక్కన, హిరమండలం దగ్గర మాకు మూడెకరాల పల్లం భూమి ఉంది. నేను పుట్టక ముందు నుంచీ దాన్ని ఒకే కుటుంబం చేస్తోంది. ఇప్పుడు చేస్తున్నాయన్ని నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను సినబాబూ అంటాడు. ఈ రెండు పిలుపుల్లో చుట్టరికం ఒకవైపే ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆయన తండ్రి మా తాతకి కంబారి.

కంబారి అంటే ఏడాది జీతానికి కుదిరిన పాలేరు అని పట్నం స్నేహితులకి చెబుతుంటాను. అది సగం నిజమే. తాత లెక్కల పుస్తకం తిరగేస్తే మిగతా సగం కనిపిస్తుంది. పెళ్ళికి ఇచ్చిన అప్పు, దానికి వడ్డీ, ఉగాది నుంచి ఉగాదికి కట్టిన జీతం, నెల నెలా కొలిచిన ధాన్యం, ఒక పంచె, ఒక గొంగళి. ఏడాది చివర జీతమంతా కొట్టేసినా అప్పు ఇంకా మిగిలే ఉంటుంది. కింద వేలిముద్ర. మరుసటి ఉగాదికి మళ్ళీ అదే పేరు. మధ్యలో ఒకచోట, "కుర్రాడు పశువులకి" అని ఉంది. ఆ కుర్రాడే మా బాబాయ్. అప్పటికి ఏడెనిమిదేళ్ళుంటాయేమో.

ఇండియాలో బానిసత్వాన్ని రద్దు చేశామని ఇంగ్లీషువాళ్ళు చెప్పుకునేది 1843 నాటి 5వ చట్టం. దాన్ని చదివితే ఎవర్నీ పిలిచి "నువ్వింక స్వేచ్ఛాజీవివి" అన్నట్టు ఉండదు. ఫలానావాడు నా బానిస అంటూ ఎవరైనా కోర్టుకొస్తే ఆ హక్కుని కోర్టు ఒప్పుకోదు, అంతే. మనుషుల్ని కొనడం, అమ్మడం నేరమని రాయడానికి 1860 శిక్షాస్మృతి దాకా ఆగాలి. ఈ రెండింటిలోనూ అప్పు జోలికి ఎవరూ పోలేదు. మనిషి మీద హక్కు చెల్లదు కానీ మనిషి రాసిన నోటు చెల్లుతుంది. షావుకారికైనా, భూస్వామికైనా అంతకన్నా ఏం కావాలి?

మా ఊరికి పడమర కొండలెక్కితే ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. సవరలు, జాతాపులు ఉండే ఏజెన్సీలో, అటు జయపురం వైపూ దీన్ని గోతి అనేవారు. ఒడియా వైపూ వాడే మాటే అది. తెలుగు చెవికి మాత్రం గొయ్యిలా వినపడుతుంది, తప్పుగా కూడా ఏమీ కాదు. పెళ్ళికో, జరిమానాకో కాస్త డబ్బు తీసుకుంటాడు. దాని బదులు ఇచ్చినవాడి ఇంట పనిచేస్తాడు. చాకిరీ వడ్డీకే సరి, అసలు అలాగే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు వస్తాడు. 1907లో విశాఖపట్నం జిల్లా గెజిటీర్ రాసిన ఫ్రాన్సిస్ దొరకి ఈ వ్యవహారం బాగా తెలుసు. దాన్ని తీసేస్తూ ఏజెన్సీకి రెగ్యులేషన్ వచ్చింది మాత్రం 1940లో. తెలియడానికీ తీసెయ్యడానికీ మధ్య ముప్ఫై మూడేళ్ళు.

పోనీ తీసేశాక ఏమైంది? కొండమీద పోడు ఉంది, కానీ వానాకాలంలో తిండిగింజలు లేవు. షావుకారు నాముకి గింజలిస్తాడు. పంట రాగానే చింతపండు, కందులతో సహా అన్నీ అతని తూకంలోకే. అప్పు తీరకపోతే పల్లపు చెక్క రాయించుకుంటాడు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో రెగ్యులేషన్ వచ్చేసరికే చాలా చెక్కలు చేతులు మారాయి. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు గిరిజన సంఘం కట్టి అడిగినవి వింటే ఇప్పటి పిల్లలు ఇంతేనా అనుకుంటారు. వెట్టి వద్దు, పాలేరుకి కూలి పెంచండి, చేసినవాడి పాలు పెంచండి, పోయిన భూమి తిరిగివ్వండి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళుతున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. తుపాకుల శ్రీకాకుళం అందరికీ గుర్తుంది. దాని కింద ఉన్నది ఈ అప్పుల శ్రీకాకుళం.

దానికి ముందే కాళీపట్నం రామారావు 'యజ్ఞం' అచ్చయింది. అందులో సీతారాముడు తన పసిబిడ్డని చంపేస్తాడు. కాలేజీలో మొదటిసారి చదివినప్పుడు ఇది మరీ అతి అనిపించింది. తాత పుస్తకంలో "కుర్రాడు పశువులకి" చూశాక ఇంకోసారి చదివాను. ఈసారి అలా అనిపించలేదు.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1975 అక్టోబర్ 25 నుంచి అమలు. మన పాలేరు, జీతం, వెట్టి, మూడు పేర్లూ అందులో ఉన్నాయి. వెట్టి కింద ఉన్న అప్పు రద్దు. వసూలు చెయ్యడం నేరం. ఉన్న గుడిసె నుంచి వెళ్ళగొట్టకూడదు. 1978 నుంచి విడుదలైన మనిషికి పునరావాసం కింద అప్పట్లో నాలుగు వేల రూపాయలు. 1843తో పోలిస్తే నిజంగా పెద్ద చట్టమే. ఎటొచ్చీ విడుదలైనవాడు మర్నాడు ఎక్కడ దున్నాలన్నదానికి నాలుగు వేలే జవాబు.

తాత పుస్తకంలో ఆ ఏటితో కంబారి పద్దు ఆగిపోయింది. పేజీ తిప్పాను. అదే పేరు. పైన "కోరు" అని ఉంది. పంటలో సగం మాకు, సగం వాళ్ళకి, విత్తనం వాళ్ళదే. మొదటి వరసలో తాత అందమైన చేతిరాతతో "పాత బాకీ" అని రాసి, అంకె వేసుకున్నారు. చట్టం కొట్టేసిన అప్పు ఒక్క పేజీ తిప్పితే బతికొచ్చింది. తాత చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. నేనూ అనలేను.

అమెరికాలో జరిగినదీ ఇంచుమించు ఇదే. అక్కడ మనుషుల్ని సంతలో అమ్మారు, కాబట్టి రెండూ ఒకటే అనడం తప్పు. తర్వాత జరిగింది మాత్రం ఒక్కలాగే ఉంది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ విడుదలైన కుటుంబాలకి తీరం వెంబడి నలభై ఎకరాల లోపు చెక్కలు ఇవ్వమన్నాడు. అదే ఏడాది అధ్యక్షుడు జాన్సన్ ఆ భూమిని పాత యజమానులకే తిరిగిప్పించాడు. ఇంక మిగిలింది పాత దొర చేలో పాలుకి పత్తి వెయ్యడం, దుకాణంలో అరువు తేవడం, ఏడాది చివర బాకీ తేలడం. ఇంగ్లీషువాళ్ళ చెరకు దీవుల్లో ఇంకో దారి దొరికింది. మారిషస్‌లో 1835లో బానిసల్ని వదిలాక ఆ తోటలకి కూలీలు కావలసివచ్చారు. ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవాళ్ళలో కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు.

మళ్ళీ సంతకం దగ్గరకొస్తాను. 2011 కౌలుదారుల చట్టంలో కార్డుకి యజమాని సంతకం అక్కర్లేదు. 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందం కావాలంది, యజమాని సంతకంతో. కార్డుంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం సాగుచేసినవాడికి వస్తాయి. భూమి మీద హక్కేమీ రాదని ఆ చట్టంలోనే ఉంది. "అలాగే అంటారు, తర్వాత?" అన్నారు నాన్న. ఆయన భయం నాకు తెలుసు. ఆ భూమి తప్ప ఊరితో మాకింక ఏ సంబంధమూ లేదు.

2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు వంశధార మా చేను మీంచి పోయింది. పరిహారం నాన్న ఖాతాలో పడింది. అందులో సగం తీసి బాబాయ్‌కి ఇచ్చారు. కోరు లెక్కే కదా అనుకున్నాను. విత్తనం, ఎరువు, దమ్ము, ఊడుపు అన్నీ ఆయన పెట్టినవేనని అప్పుడు నేను అడగలేదు.

ఆ ఫోన్ తర్వాత ఊరెళ్ళి సంతకం పెట్టమని నాన్నతో పోట్లాడాను. చూద్దాం అన్నారు. ఇప్పటికీ చూస్తున్నారు. తిరిగొచ్చేటప్పుడు బాబాయ్ బస్సు దాకా వచ్చాడు. ఏం చెప్పాలో తెలీక, "నాన్న పెడతార్లే బాబాయ్" అన్నాను.

"ఎట్టకపోతే పోనీ సినబాబూ," అన్నాడు ఆయన, సంచీ చేతికిస్తూ. "యూరియా మట్టుకు మీ నాన్నగారి పేరు మీద ఇప్పించండి. మళ్ళీ ఆదివారం నాటికి ఊడుపులు."