భర్మారు ముచ్చట

గా కట్టె లోపలికి నూకు బిడ్డా, మంట తగ్గుతున్నది. భర్మారు ముచ్చట అడిగిండ్రు గదా, ఇనుండ్రి.

1931ల నిజాంసాగర్ కట్ట పూర్తయింది. కాలువ నీళ్లొచ్చినంక మన బాన్సువాడ దిక్కు వరి, చెరుకు ఎక్కువైనయి. పందుల గోస గూడ ఎక్కువైంది. కావలికి మోతుబర్ల ఇండ్లల్ల భర్మారు, అంటే మూతినుంచి నింపే తుపాకి, ఉంటుండె. దాన్ని నింపుడు సిన్న పనా? గొట్టం నిలవెట్టి మూతిల మందు పొయ్యాలె, పేలిక కూరాలె, సీసం గుండ్లెయ్యాలె, మల్ల పేలిక పెట్టి ఇనుప కడ్డీతోని దంచాలె, ఘోడా, అంటే కొట్టే సుత్తి, దాని కింద పేలే టోపీ పెట్టాలె. అప్పటిదాంక పంది నీకోసం నిలవడ్తదా!

ఈ గోస లేని తుపాకి గూడ ఉండె. నార్వే అని మంచు దేశమున్నది. ఆల్లు 1842లనే ఫౌజుకు వెనకనుంచి నింపే రైఫిలిచ్చిండ్రు. కామర్‌లాడర్ అంటరు. సార్లం గదా, గిసోంటియి చదివెటోళ్లం. కుడిపక్క పిడి తిప్పితే గొట్టం వెనకున్న గది మూతి మీదికి లేస్తది. అండ్ల మందు, గుండు పెట్టి మల్ల తిప్పితే కిందికి కూసుంటది. ఘోడా మీద గాదు, తుపాకి కడుపు కింద ఉంటది. టోపీ గూడ ఆడనే. నేల మీద పండుకొని నింపొచ్చు. మూతి తుపాకోడు మాత్రం లేచి నిలవడాలె, ఎదుటోని గుండుకు దొరకాలె. ఐబు ఒక్కటే, అతుకు కాడ పొగ, మంట కారుతుండె. 1867ల ఆల్లే తూటాల రెమింగ్టన్‌కు మారిండ్రు.

మరి 1857ల కుంపిణోడు మన సిపాయిలకు ఇచ్చిందేంది? మూతి ఎన్‌ఫీల్డే. తూటా కాయితం పండ్లతోని కొరికి మందు పోసుడు, ఆ కాయితానికి పూసిన కొవ్వు లొల్లి, అంతా దానితోనే. తిరుగుబాటైనంక తెల్లోల్లకు భయం పట్టింది. తెల్ల సోల్జరుకు కొత్త మార్టిని-హెన్రీ రైఫిలొచ్చినంకనే మన సిపాయికి పాత స్నైడర్ రైఫిలు దొరికింది. 1946 నుంచి నల్లగొండ, వరంగల్ దిక్కు రైతులు దొరల మీద లేసినప్పుడు గూడ అదే కత. రైతుల కాడ వడిసెలలు, కారంపొడి, నాలుగు భర్మార్లు. సర్కారు కాడ వెనక నింపే రైఫిళ్లు. మంచి తుపాకి పెద్దోడు తన కాడుంచుకొని, పాతదే కిందోనికి పడేస్తడు.

ఒక్కటి యాదిపెట్టుకోండ్రి. అటుక మీద పాత భర్మారు దొరికితే ఘోడా ముట్టకుండ్రి, మూతిల తొంగిసూడకుండ్రి. తెలిసినోళ్లు కడ్డీని లోపలికి ఇడిసి, ఎంత దూరం పోయిందో గొట్టం పొడుగుతోని కొలుస్తరు. కడ్డీ తక్కువ దూరం పోతే లోపల మందుండొచ్చు. మీరు ఆ పని పెట్టుకోకుండ్రి, ఠాణాకు చెప్పుండ్రి.